చవక టీవీకి చెడ్డపేరు: నిజమెంత, నిందెంత

చవక టీవీ అనగానే మూడు మాటలు వినిపిస్తాయి. బొమ్మ బాగుండదు, ఎక్కువ కాలం రాదు, పాడైతే పట్టించుకునే దిక్కుండదు. ఈ మూడింటినీ కలిపి ఒకే నిందగా వేయడం అలవాటైపోయింది. నిజానికి ఇవి మూడు వేర్వేరు ఆరోపణలు. మొదటిది తెరకు సంబంధించింది. రెండోది తెర వెనక ఉండే దీపాలకూ కరెంటు బోర్డుకూ సంబంధించింది. మూడోది అమ్మిన కంపెనీకి ఆ ఊళ్లో మెకానిక్ ఉన్నాడా లేడా అన్నదానికి సంబంధించింది. విడదీసి చూస్తే, మొదటి మాటకు కాలం చెల్లింది. రెండోది సగం నిజం. మూడోది చాలా ఊళ్లలో ఇప్పటికీ నిజమే.

ఈ చెడ్డపేరు ఎల్‌ఈడీ టీవీలతో పుట్టింది కాదు, పిక్చర్ ట్యూబు నాటిది. హైదరాబాదులో 1967లో అణుశక్తి విభాగం కింద ఏర్పడిన ఈసీఐఎల్ సంస్థ, ఈసీ టీవీ పేరుతో నలుపు తెలుపు సెట్లు తయారుచేసింది. 1975-76లో అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 పల్లెలకు కార్యక్రమాలు చేరవేసిన సైట్ ప్రయోగానికి సెట్లు అందించిందీ ఆ సంస్థే. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడలు జరిగిన ఏడాదే, రంగుల ప్రసారం మొదలైంది. ఒనిడా, వీడియోకాన్, బీపీఎల్, డయనోరా, సాలిడేర్ వంటి పేర్లు ఇంటింటికీ చేరాయి. వాటిని కొనలేని ఇళ్లకు ఇంకో దారి ఉండేది. దాని పేరు అసెంబుల్డ్ టీవీ. పెట్టె ఒకచోట, బోర్డు మరోచోట, పాతదాన్ని మళ్లీ బాగుచేసిన ట్యూబు ఇంకోచోట కొని, అన్నీ ఒక దుకాణంలో బిగించి అమ్మేవారు.

ఆ రోజుల్లో టీవీ నాణ్యత బిగించేవాడి చేతిలో ఉండేది. రంగుల ట్యూబులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కిరణాలు మూడూ ఒకే చుక్క దగ్గర కలవాలి. ట్యూబు మెడ మీది అయస్కాంతపు వలయాలను వెంట్రుకవాసి తిప్పుతూ, తెర మీద తెల్లటి గళ్లను చూస్తూ, ఒక్కో సెట్టునూ చేత్తో సరిచేయాలి. ఓపిక లేనిచోట తెల్లటి అక్షరాల అంచున ఎర్రగీత మిగిలిపోయేది, మనిషి ముఖం ఒక మూల ఆకుపచ్చగా తిరిగేది. అరిగిన ట్యూబైతే రెండేళ్లకే బొమ్మ మసకబారేది. కనుక చవక టీవీలో బొమ్మ బాగుండదన్న మాట ఆ కాలానికి అక్షరాలా సరిపోయింది. టీవీలు మారిపోయినా ఆ మాట మాత్రం మారలేదు.

మారింది తయారీ పద్ధతి. ఎల్‌సీడీ తెరలో రంగుల చుక్కలు గాజు మీదే, ఫ్యాక్టరీలోనే కుదిరిపోతాయి. బయట బిగించేవాడు సరిచేయాల్సింది పెద్దగా మిగలదు. ఆ గాజును తయారుచేసే సంస్థలు ప్రపంచం మొత్తమ్మీద వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. చైనాలో బీఓఈ, టీసీఎల్ సీఎస్ఓటీ, హెచ్‌కేసీ, తైవాన్‌లో ఏయూఓ, ఇన్నోలక్స్ వాటిలో ముఖ్యమైనవి. ఎనిమిదిన్నరో తరం అని పిలిచే ఫ్యాక్టరీలో ఒక్కో గాజు పలక 2.2 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల పొడవు ఉంటుంది. అలాంటి ఒక్క పలకను కోస్తే 32 అంగుళాల తెరలు 18 వస్తాయి. ఆ 18 తెరలూ ఒకే కంపెనీ టీవీల్లోకి వెళ్లాలని ఏమీ లేదు. శామ్‌సంగ్ సొంతంగా ఎల్‌సీడీ తెరల తయారీని 2022లో ఆపేసింది. ఎల్‌జీ చైనాలోని గ్వాంగ్‌ఝౌలో ఉన్న తన పెద్ద ఎల్‌సీడీ ఫ్యాక్టరీని టీసీఎల్‌ కుటుంబానికే అమ్మింది. సోనీ టీవీల్లో తెర బయటినుంచి కొన్నదే. అంటే పేరున్న కంపెనీ అయినా, పేరు లేని కంపెనీ అయినా తెర కోసం వెళ్లేది ఇంచుమించు ఒకే సంతకు.

ఇంకా ఏమీ బిగించని ఈ తెరను వ్యాపారంలో ఓపెన్ సెల్ అంటారు. టీవీ తయారీ ఖర్చులో సగానికి పైగా దీనిదే. దిగుమతి చేసుకున్న ఓపెన్ సెల్‌కు వెనక దీపాలు, బోర్డులు, స్పీకర్లు, ప్లాస్టిక్ చట్రం చేర్చితే టీవీ అవుతుంది. ఈ పని చాలావరకు కంపెనీలు సొంతంగా చేసుకోవు, కాంట్రాక్టుకు ఇస్తాయి. తిరుపతి దగ్గర డిక్సన్ టెక్నాలజీస్ ఫ్యాక్టరీ, హైదరాబాదు శివారు ఫ్యాబ్ సిటీలో రేడియంట్ ఫ్యాక్టరీ ఇలాంటివే. షావోమీ టీవీల తయారీ ఈ రెండు చోట్లా సాగింది. తిరుపతి జిల్లాలోనే టీసీఎల్ సంస్థ తెరలకు సంబంధించిన ఫ్యాక్టరీ పెట్టింది. చైనా సరుకని పక్కనపెట్టిన టీవీ, శ్రీవారి కొండ కనబడే దూరంలో బిగించినది కావచ్చు.

పెట్టె మీది పేరుకీ, లోపలి సరుకు చేసినవారికీ సంబంధం తెగిపోయిందనడానికి ఇంకో ఆనవాలు ఉంది. భారతదేశంలో కొడాక్, థామ్సన్, బ్లౌపుంక్ట్ పేర్లతో వచ్చే టీవీలు అమ్మేది నోయిడాకు చెందిన సూపర్ ప్లాస్ట్రానిక్స్. కొడాక్ ఫిల్మ్ రీళ్ల కంపెనీ, 2012లో దివాలా పిటిషన్ వేసింది. థామ్సన్ ఫ్రాన్సుది, బ్లౌపుంక్ట్ జర్మనీ కార్ల రేడియోలకు ప్రసిద్ధి. ఇప్పుడు ఆ పేర్లు లైసెన్సు రుసుము కట్టి వాడుకునేవి. అలాగని ఇది చవక కంపెనీల గుట్టు మాత్రమే అనుకోనక్కర్లేదు. తోషిబా టీవీ వ్యాపారం 2018 నుంచి చైనా సంస్థ హైసెన్స్ చేతిలో ఉంది. ఫిలిప్స్ పేరుతో టీవీలు చేసేది టీపీవీ అనే తైవాన్ మూలాలున్న సంస్థ. పాత పేరు చూసి పాత నాణ్యత ఉంటుందని నమ్మడం, కొత్త పేరు చూసి నాసిరకమని తోసేయడం, రెండూ ఒకే పొరపాటుకు రెండు కొసలు.

పేరు కాలంతో పాటు మారుతుందనడానికి శామ్‌సంగ్ కథే చాలు. ఆ సంస్థ టీవీల్లోకి వచ్చింది 1970 ప్రాంతంలో, జపాన్ సంస్థ సాన్యోతో కలిసి నలుపు తెలుపు సెట్లు చేస్తూ. 1993లో అధినేత లీ కున్-హీ లాస్ ఏంజెలెస్‌లో దుకాణాలు తిరిగినప్పుడు, జపాన్ సెట్లు ముందు వరసలో ఉంటే శామ్‌సంగ్ సెట్లు మూలన దుమ్ము పట్టి ఉన్నాయి. అప్పటికి అమెరికాలో అది చవక సరుకు కిందే లెక్క. ఆ తర్వాతే నాణ్యత మీద పట్టుబట్టి, 2006 నాటికి ప్రపంచంలో అత్యధికంగా టీవీలు అమ్మే సంస్థగా నిలిచింది. నేటి ఖరీదైన పేరు నిన్నటి చవక పేరే.

తెర ఒకే సంత నుంచి వస్తున్నప్పుడు ధర ఎందుకు తగ్గుతుంది? తగ్గింపు అంతా నాసిరకం భాగాల వల్లనే వస్తుందనుకోవడం సరికాదు. 2018లో షావోమీ 55 అంగుళాల టీవీని 39,999 రూపాయలకు, 32 అంగుళాలదాన్ని 13,999 రూపాయలకు తెచ్చినప్పుడు మార్కెట్టు ఉలిక్కిపడింది. ఆ తగ్గింపులో పెద్ద భాగం అమ్మకం పద్ధతిలోంచి వచ్చింది. షోరూమ్ అద్దె, డీలర్ కమీషన్, టీవీలోనూ పేపర్లలోనూ ప్రకటనల ఖర్చు లేకుండా నేరుగా ఆన్‌లైన్‌లో అమ్మారు. పరికరాల మీద నికర లాభం అయిదు శాతం దాటనివ్వబోమని అదే ఏడాది ఆ సంస్థ ప్రకటించింది. ప్రభుత్వ పన్ను మాత్రం ఇందులో లెక్కకు రాదు. 32 అంగుళాల వరకు టీవీలపై జీఎస్టీ 2019 జనవరి నుంచి 18 శాతం. అంతకన్నా పెద్దవాటిపై 28 శాతం ఉండగా 2025 సెప్టెంబరు 22 నుంచి అదీ 18 అయింది. ఈ లెక్క ఖరీదైన పేరుకూ, చవక పేరుకూ ఒకటే.

అయినా కొంత కోత లోపలి భాగాల్లో పడుతుంది. ఆ కోత షోరూమ్‌లో కనబడనిచోట పడుతుంది. తెర మీద కోత పెడితే కొనేవాడు అక్కడికక్కడే పట్టేస్తాడు. దీపాల మీద పెడితే మూడేళ్ల దాకా తెలియదు. చెడ్డపేరులో నిజమైన భాగం ఇక్కడ మొదలవుతుంది.

ఎల్‌సీడీ తెరకు సొంత వెలుగు ఉండదు. వెనకనుంచి ఎల్‌ఈడీ దీపాలు వెలిగితేనే బొమ్మ కనబడుతుంది. మెకానిక్ భాషలో అది బ్యాక్‌లైట్. పాడైన 32 అంగుళాల టీవీని బల్ల మీద బోర్లించి మూత విప్పి, తెరను జాగ్రత్తగా ఎత్తి పక్కన పెట్టి, పల్చటి తెల్ల షీట్లు ఒక్కొక్కటే తీస్తే, అడుగున రేకు మీద రెండో మూడో పొడవాటి పట్టీలు కనిపిస్తాయి. ఒక్కో పట్టీ మీద వరసగా చిన్న దీపాలు, ఒక్కో దీపం మీద వెలుగును పక్కలకు పరిచే గుండీలాంటి లెన్సు. ఖరీదైన టీవీలో ఎక్కువ దీపాలను తక్కువ కరెంటుతో వెలిగిస్తారు. చవక టీవీలో తక్కువ దీపాలకే ఎక్కువ కరెంటు పంపి అంతే వెలుగు రాబడతారు. వేడి పెరుగుతుంది. వేడికి జిగురు వదిలి లెన్సు ఊడిపోతే, తెర మీద ఆ చోట తెల్లటి గుండ్రటి మచ్చ పడుతుంది. దీపాలు ఒకదాని వెనక ఒకటి దండలా కలిపి ఉంటాయి కాబట్టి, ఒకటి మాడి తెగితే మొత్తం వరసంతా ఆరిపోతుంది. అప్పుడు మాటలు వినిపిస్తాయి, బొమ్మ ఉండదు. చీకటి గదిలో తెరకు దగ్గరగా టార్చి వేస్తే లోపల బొమ్మ మసకగా కదులుతూనే ఉంటుంది. అంటే తెర బాగానే ఉంది, దీపం పోయింది. టీవీ పోయిందని ఇళ్లలో మూలన పడేసినవాటిలో ఇలాంటివి ఎన్నో. పట్టీలు మార్చడానికయ్యే ఖర్చు తెర మార్చే ఖర్చులో చిన్న భాగం.

ఈ జబ్బుకు కంపెనీతో పాటు వాడకమూ కారణమే. టీవీ పెట్టెలోంచి తీసినప్పుడు వెలుగు చాలా సెట్లలో నూటికి నూరు మీద ఉంటుంది, షోరూమ్‌లో పక్క సెట్టుకన్నా మెరవడం కోసం. ఇంట్లో అంత అక్కర్లేదు. బ్యాక్‌లైట్‌ను అరవై డెబ్భైకి తగ్గిస్తే దీపాల్లోకి పోయే కరెంటు తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, ఆయుష్షు పెరుగుతుంది. ఈ ఒక్క మార్పు చవక టీవీకీ ఖరీదైనదానికీ పనికొస్తుంది.

రెండో కోత కరెంటు బోర్డులో. అందులో కెపాసిటర్లనే డబ్బాలాంటి చిన్న భాగాలుంటాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే వీటి ఆయుష్షు దాదాపు సగానికి తగ్గుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక పాత లెక్క. ఎక్కువ వేడిని తట్టుకునే రకం వాడితే ఒక్కోదానికి పెరిగేది కొద్ది రూపాయలే, కానీ లక్షల సెట్ల మీద అది పెద్ద మొత్తం. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో రేకుల ఇంట్లో గోడకు ఆనించి బిగించిన టీవీ లోపల ఎంత ఉడుకుతుందో ఊహించవచ్చు. ఉబ్బిన కెపాసిటరు ఉన్న బోర్డుకు టీవీ ఆన్ కావడానికి నిమిషాలు పడుతుంది, లేదా ఎర్రలైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. పిడుగుపాటుకు డిష్ తీగ ద్వారా వచ్చే దెబ్బ, పల్లెల్లో కరెంటు హెచ్చుతగ్గులు, వెచ్చదనం కోసం చేరే బల్లులు, చీమలు మాత్రం పేరున్న టీవీనీ పేరులేని టీవీనీ ఒకేలా చూస్తాయి.

మూడో కోత మెదడులో. చవక స్మార్ట్ టీవీల్లో చాలాకాలం ఒక జీబీ ర్యామ్, ఎనిమిది జీబీ స్టోరేజీ మాత్రమే ఇచ్చారు. కొన్నప్పుడు చురుగ్గా ఉండే టీవీ, రెండేళ్లలో యాప్‌లు బరువెక్కాక రిమోటు నొక్కిన అయిదు సెకన్లకు గానీ కదలదు. గూగుల్ అనుమతి లేని ఆండ్రాయిడ్‌ను వేసిన సెట్లలో పెద్ద ఓటీటీ యాప్‌లు కొన్ని పనిచేయవు, పనిచేసినా తక్కువ నాణ్యతలోనే బొమ్మ వస్తుంది. తెర మాత్రం బాగానే ఉంటుంది. దీనికి విరుగుడు తేలిక. మూడు నాలుగు వేల రూపాయల స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి హెచ్‌డీఎంఐ రంధ్రంలో పెడితే పాత టీవీకి కొత్త మెదడు వస్తుంది.

కోత కన్నా ఎక్కువ హాని చేసింది పెట్టె మీది గొప్పలు. టేప్‌రికార్డర్ల రోజుల్లో పీఎంపీఓ పేరుతో చిన్న స్పీకరుకు వేల వాట్లు అంటగట్టినట్టే, ఇప్పుడు, వెలుగునీడల తేడా ఎక్కువగా చూపుతుందన్న అర్థంలో, హెచ్‌డీఆర్ అన్న ముద్ర వేస్తారు. ఆ రకం వీడియోలను సాధారణంగా 1,000 నిట్ల వెలుగును లెక్కలో పెట్టుకుని తయారుచేస్తారు. చవక టీవీ తెర వెలుగు 250, 300 నిట్ల దగ్గర ఆగిపోతుంది. సంకేతాన్ని టీవీ అర్థం చేసుకుంటుంది, చూపించలేదు. 4కె వీడియోను సపోర్టు చేస్తుందని రాసినంత మాత్రాన తెర 4కె కాదు. హెచ్‌డీ రెడీ తెరలో చుక్కలు 1366 అడ్డంగా, 768 నిలువుగా ఉంటాయి, మొత్తం పదిన్నర లక్షలు. 4కె తెరలో దాదాపు 83 లక్షలు. అయితే 32 అంగుళాల హెచ్‌డీ రెడీ తెరను ఎనిమిది అడుగుల దూరంనుంచి చూస్తే మామూలు కంటికి విడి చుక్కలు కనబడవు. చిన్న గదికి ఆ తెర చాలు. ఉన్నది ఉన్నట్టు రాసివుంటే ఫిర్యాదే ఉండేది కాదు.

ఖరీదైన టీవీ నిజంగా మెరుగ్గా ఉండే చోటు కూడా ఉంది. కేబుల్‌లో వచ్చే మామూలు చానల్ బొమ్మలో అడ్డగీతలు 576 మాత్రమే. దాన్ని పెద్ద 4కె తెర మీద సాగదీసి చూపేటప్పుడు లేని చుక్కలను ఊహించి నింపాలి. ఆ పని మంచి ప్రాసెసరు నేర్పుగా చేస్తుంది, చవకది ముఖాలను మైనపు బొమ్మల్లా నునుపు చేస్తుంది. సాయంత్రం సీరియళ్లు, క్రికెట్టు మామూలు చానళ్లలో చూసే ఇంట్లో ఈ తేడా తెలుస్తుంది. ఓటీటీలో హెచ్‌డీ సినిమాలు చూసే ఇంట్లో చాలావరకు తెలియదు. అలాగే పేరున్న కంపెనీలు కూడా పోటీ కోసం తమ చిన్న మోడళ్లలో ఇవే కోతలు పెడుతున్నాయి. అందువల్ల పోలిక రెండు పేర్ల మధ్య కాదు, రెండు మోడళ్ల మధ్య జరగాలి.

ధర తగ్గడానికి మరో కారణం టీవీ కొన్న తర్వాత కూడా కంపెనీకి డబ్బు వస్తూండటం. టీవీ వేయగానే మొదట కనిపించే ప్రకటనలు, చూసే అలవాట్ల సమాచారం, రెండూ సరుకులే. అమెరికాలో తక్కువ ధరలకు పేరుపడ్డ విజియో సంస్థ, చూసేవారి అనుమతి లేకుండా 1.1 కోట్ల టీవీలనుంచి వీక్షణ వివరాలు సేకరించిందన్న అభియోగంపై 2017 ఫిబ్రవరిలో 22 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఆ సంస్థను 2024 డిసెంబరులో వాల్‌మార్ట్ కొనేసింది. ఇదే సాంకేతికత ఖరీదైన టీవీల్లోనూ ఉంది. సెట్టింగుల్లో దాన్ని ఆపే వీలు ఉంటుంది, కానీ వెతుక్కోవాలి.

మూడో ఆరోపణ సర్వీసు. ఇక్కడ చవక టీవీ తరఫున చెప్పగలిగింది తక్కువ. ఆన్‌లైన్ అమ్మకం మారుమూల పల్లెకూ చేరింది, సర్వీసు సెంటరు జిల్లా కేంద్రం దగ్గరే ఆగిపోయింది. తెర పగిలినా, నిలువు గీతలు పడినా కొత్త తెర ధర టీవీ ధరలో సగం దాటుతుంది, కొన్నిసార్లు ఆ మోడల్ తెర అసలు దొరకదు. మోడళ్లు ఏడాదికోసారి మారిపోవడంతో బోర్డుల కోసం హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీ లాంటి చోట్ల పాత సెట్లనుంచి తీసినవాటిని వెతకాల్సి వస్తుంది. పెద్ద కంపెనీ అదనంగా తీసుకునే నాలుగైదు వేలలో కొంత నిజానికి ఈ సర్వీసుకు ముందే కట్టిన రుసుము. ఆ కంపెనీకి కూడా ఆ ఊళ్లో సెంటరు లేకపోతే ఆ రుసుము వృథా.

కొనేముందు చేయగల పరీక్షలు కష్టమైనవి కావు. పెన్‌డ్రైవ్‌లో పూర్తి తెలుపు, పూర్తి నలుపు, బూడిద, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల బొమ్మలు వేసుకెళ్లి షోరూమ్‌లో పెట్టించుకుంటే, చచ్చిన చుక్కలు రంగుల మీద, మురికి మచ్చలు బూడిద మీద, అంచుల్లో కారే వెలుగు నలుపు మీద బయటపడతాయి. పక్కకు జరిగి, కిందికి వంగి చూస్తే రంగు పాలిపోతుందేమో తెలుస్తుంది. నేల మీద చాప వేసుకుని చూసే ఇంటికి ఇది ముఖ్యం. వెనక లేబుల్ మీద భారత ప్రమాణాల సంస్థ ఇచ్చే, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. అది షాకు, మంటల వంటి ప్రమాదాల విషయంలో పరీక్ష జరిగిందనడానికి గుర్తు, బొమ్మ నాణ్యతకు కాదు. విద్యుత్ పొదుపు నక్షత్రాల ముద్ర నెలనెలా కరెంటు బిల్లు గురించి చెబుతుంది. తెర మీద వారంటీ ఎన్నేళ్లో, అది మిగతా భాగాల వారంటీతో సమానమో కాదో కాగితం మీద విడిగా చూడాలి.

కొన్నాక వారంటీలో ఉన్న టీవీని కంపెనీ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొన్నచోటే కాకుండా నివాసం ఉన్న జిల్లా కమిషన్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. వస్తువు ధర అయిదు లక్షల లోపైతే రుసుము లేదు. ఆన్‌లైన్‌లో దూరపు కంపెనీ నుంచి కొన్నవారికి ఈ నిబంధన ముఖ్యం.

మొత్తమ్మీద చవక టీవీ మీద నిందలో బొమ్మకు సంబంధించిన భాగం పిక్చర్ ట్యూబుతోనే పోవలసింది. మన్నికకు సంబంధించిన భాగం మోడల్‌ను బట్టి, దీపాలకు ఎంత కరెంటు పెట్టారన్నదాన్ని బట్టి, ఇంట్లో వెలుగు ఎంత తగ్గించారన్నదాన్ని బట్టి మారుతుంది. సర్వీసుకు సంబంధించిన భాగం ఊరిని బట్టి మారుతుంది. అదే టీవీ విజయవాడలో మంచి బేరం, నల్లమల అంచున ఉన్న పల్లెలో నష్టం కావచ్చు. కాబట్టి ధర పట్టీ మీద పేరు చదివేముందు తెలుసుకోవాల్సింది, ఆ పేరుతో వచ్చిన సెట్టు పాడైతే ఆ ఊరికి వచ్చి మూత విప్పే మనిషి ఎవరన్నది.